నానోస్ఫటికాలు వరుసకు రావాలంటే వాటికి విడిపోయే స్వేచ్ఛ ఉండాలి

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, తేడా ఉంటే దిద్దండి. డోడెకేన్‌థయోల్ (ఒక చివర గంధకం ఉన్న 12 కార్బన్ల గొలుసు) పూత ఉన్న సుమారు 6 నానోమీటర్ల బంగారు నానోస్ఫటికాలు మీ దగ్గర ఉన్నాయి. టోలుయీన్ అనే ద్రావణిలో అవి విడివిడిగానే ఉన్నాయి, ద్రావణం రంగు ఎరుపే. ఒక బొట్టును కార్బన్ పొర ఉన్న గ్రిడ్ (సూక్ష్మదర్శినిలో నమూనాను పెట్టే చిన్న లోహపు వల) మీద వేసి ఆరనిస్తే, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో అంచున దట్టమైన వలయం, లోపల చెల్లాచెదురుగా చిన్న చిన్న దీవులు కనిపిస్తున్నాయి. ప్రచురిత పత్రాల్లో ఉన్నట్లు మైక్రోమీటర్ల మేర సాగే షట్కోణ వరుసలు రావడం లేదు. దానితో పాటు ఒక మౌలిక సందేహం కూడా అడిగారు: ఎవరూ పేర్చకుండా కణాలు క్రమంలోకి రావడం ఉష్ణగతిక శాస్త్రం రెండో నియమానికి విరుద్ధం కాదా, వాటిని అలా నిలిపే బలం ఏది?

రెంటికీ జవాబు ఒకచోటే ఉంది కాబట్టి మౌలిక సందేహంతోనే మొదలుపెడతాను. కణాలను దగ్గరకు లాగే బలం ఎంత ఎక్కువైతే అమరిక అంత బాగుంటుందన్న ఊహ చాలామందిలో ఉంటుంది. నిజం దాదాపు దానికి తలకిందులు. అతుక్కున్న కణం మళ్లీ ఊడి రాగలిగితేనే స్ఫటికం పెరుగుతుంది. ఊడలేనంత గట్టిగా అతుక్కుంటే మిగిలేది ముద్ద. మీరు మార్చగల ప్రతి అంశాన్నీ, అంటే పూత పొడవు, ద్రావణి, ఆరే వేగం, కణాల పరిమాణం, వీటన్నిటినీ ఈ ఒక్క ప్రమాణంతో తూచి చూడండి.

మీ కణం ఎలాంటిదో ఒకసారి లెక్క వేద్దాం. 6 నానోమీటర్ల బంగారు గోళంలో సుమారు 6,700 పరమాణువులుంటాయి. దాని చుట్టూ 12 కార్బన్ల గొలుసులు ఒక పొరలా నిలబడి ఉంటాయి. గొలుసును పూర్తిగా చాచితే పొడవు సుమారు ఒకటిన్నర నానోమీటర్లు. రెండు కణాలు పక్కపక్కన చేరినప్పుడు ఈ గొలుసులు ఒకదాని సందులోకి మరొకటి చొచ్చుకుపోతాయి, అందుకే లోహానికీ లోహానికీ మధ్య ఖాళీ మూడు నానోమీటర్లుండదు, ఒకటిన్నర నుంచి రెండు మధ్యనే ఉంటుంది. కాబట్టి అమరిక లెక్కల్లో మీ కణాన్ని 8 నానోమీటర్ల మెత్తటి గోళంగా చూడాలి. బంగారం లోపలి గింజ మాత్రమే. ఇంకో సంగతి: మామూలు స్ఫటికంలో ప్రతి పరమాణువూ తక్కినదానికి నకలు. ఇక్కడ అలా కాదు. వ్యాసంలో 5 శాతం తేడా ఉంటే పరమాణువుల సంఖ్యలో 15 శాతం, అంటే వెయ్యి పరమాణువుల తేడా. అయినా జాలకం, అంటే క్రమమైన వరుసల అమరిక, ఏర్పడుతుందంటే ఈ వ్యవస్థకు కొంత ఓపిక ఉన్నట్లే. ఆ ఓపిక హద్దు ఎక్కడో తర్వాత చెబుతాను.

ఇక రెండో నియమం. గోళాల మధ్య ఏ ఆకర్షణా లేకపోయినా, ఒకదానిలోకి ఒకటి దూరలేవన్న ఒక్క నిబంధన చాలు, అవి స్ఫటికంగా మారడానికి. 1957లో ఆల్డర్, వెయిన్‌రైట్ కంప్యూటర్ లెక్కలతో ఈ మాట చెప్పినప్పుడు నమ్మినవాళ్ల కంటే నమ్మనివాళ్లే ఎక్కువ. 1986లో ప్యూసీ, వాన్ మెగెన్ ద్రవంలో తేలాడే ప్లాస్టిక్ గోళాలతో దాన్ని కళ్లకు కట్టారు. గోళాలు మొత్తం ఘనపరిమాణంలో 49.4 శాతం దాటితే స్ఫటికం మొలకెత్తడం మొదలవుతుంది, 54.5 శాతం దాటితే అంతా స్ఫటికమే. కారణం ఎంట్రపీయే, అంటే కణాలు ఎన్ని విధాలుగా ఉండగలవో దాని కొలత; మొత్తం మీద అది తగ్గకూడదన్నదే రెండో నియమం. కిక్కిరిసిన స్థితిలో అస్తవ్యస్తంగా ఉన్న గోళాలు ఒకదాన్నొకటి ఇరికించుకుని కదల్లేకపోతాయి. గరిష్ఠంగా దాదాపు 64 శాతం దగ్గరే అలా బిగుసుకుపోతాయి. అదే గోళాలు వరుసలో ఉంటే 74 శాతం వరకు ఒదగగలవు, కాబట్టి తక్కువ సాంద్రతలో ప్రతిదానికీ చుట్టూ కాస్త కదిలే చోటు మిగులుతుంది. స్థానాల క్రమం వల్ల పోయే ఎంట్రపీ కంటే ఆ చోటు వల్ల కలిసొచ్చే ఎంట్రపీ ఎక్కువ. నియమం ఎక్కడా భంగపడలేదు. పైగా మీ బొట్టు మూసిన వ్యవస్థ కూడా కాదు, గాలిలోకి పోతున్న టోలుయీన్ తన వంతు ఎంట్రపీని మోసుకుపోతూనే ఉంది.

గురుత్వాకర్షణ వల్ల అడుగున పేరుకుంటాయేమో అని మీరు రాసిన అనుమానాన్ని పక్కన పెట్టేయండి. ఉష్ణ చలనం ఒక కణాన్ని ఎంత ఎత్తు వరకు తేలికగా ఎగదోయగలదో లెక్కిస్తే, 6 నానోమీటర్ల బంగారానికి అది సుమారు 20 సెంటీమీటర్లు. మిల్లీమీటరు ఎత్తున్న బొట్టులో బరువుకు పనేమీ లేదు. అదే 60 నానోమీటర్ల కణమైతే ఆ ఎత్తు మిల్లీమీటరులో ఐదో వంతుకు పడిపోతుంది, అక్కడ కథ వేరు.

బంగారం, వెండి లాంటి లోహాలకు ఆకర్షణ లేదనుకోవడం కుదరదు. ఒకే పరిమాణంలో ఉన్న సిలికా లేదా ప్లాస్టిక్ గోళాలతో పోలిస్తే వీటి మధ్య వాన్‌డర్ వాల్స్ ఆకర్షణ (అతి దగ్గరగా ఉన్న ఏ రెండు వస్తువుల మధ్యనైనా ఉండే లాగుడు) చాలా ఎక్కువ. దీన్ని ఉష్ణ శక్తితో, అంటే బోల్ట్జ్‌మన్ స్థిరాంకాన్ని ఉష్ణోగ్రతతో గుణిస్తే వచ్చే కేటీతో కొలవడం మా అలవాటు. లోహాల మధ్య ఒకటిన్నర నానోమీటర్ల ఖాళీ ఉందనుకుని టోలుయీన్‌లో రఫ్‌గా లెక్కిస్తే, రెండు 6 నానోమీటర్ల బంగారు కణాల మధ్య రెండు కేటీల చిల్లర వస్తుంది. 10 నానోమీటర్ల కణాలకు ఆరు దాటుతుంది. 20 నానోమీటర్లకు ఇరవై చేరుతుంది. మొదటిదాన్ని ద్రావణి అణువుల తాకిడి ఇట్టే విడదీస్తుంది. చివరిదాన్ని ఆ తాకిడి విడదీస్తుందని ఎదురుచూస్తూ కూర్చోవడం వృథా. డోడెకేన్‌థయోల్‌తో 6 నానోమీటర్ల దగ్గర పని చేసిన పద్ధతిని మక్కీకి మక్కీ 20 నానోమీటర్లకు వాడి, జాలకం రాలేదని వాపోయేవారు ప్రతి కొన్నాళ్లకూ ఒకరు కనిపిస్తారు. పెద్ద కణాలకు పొడవైన పూత కావాలి. చివర థయోల్ ఉన్న పాలీస్టైరీన్ లాంటి పాలిమర్ గొలుసులు అందుకే వాడతారు.

విడిపోయే అవకాశం ఉంటే ఏం జరుగుతుందో వేగాన్ని బట్టి ఊహించండి. టోలుయీన్‌లో మీ కణం తన వ్యాసమంత దూరం జరగడానికి మైక్రోసెకనులో పదో వంతు చాలు. సెకనుకు దాదాపు కోటి సార్లు కొత్త చోటును వెతుక్కునే వీలుందన్నమాట. తప్పు చోట కూర్చున్న కణానికి పొరుగువారు ఇద్దరో ముగ్గురో ఉంటారు, అది త్వరగా ఊడుతుంది. సరైన గుంటలో కూర్చున్నదానికి ఎక్కువమంది పొరుగువారుంటారు, అది నిలుస్తుంది. స్ఫటికాన్ని కట్టేది ఈ వడపోతే. ఆకర్షణ పది, ఇరవై కేటీలు దాటితే వడపోత ఆగిపోతుంది. తాకిన చోటే శాశ్వత నివాసం. 1984లో వైట్జ్, ఒలివేరియా సరిగ్గా బంగారు కణాలతోనే దీన్ని చూపారు: పూతను దెబ్బతీసి కణాలు తాకిన వెంటనే అతుక్కునేలా చేస్తే కొమ్మలు కొమ్మలుగా సాగే ముద్దలు వచ్చాయి, వాటి ఫ్రాక్టల్ మితి (ముద్ద చోటును ఎంత దట్టంగా నింపుతుందో చెప్పే సంఖ్య, నిండు ముద్దకు అది 3) దాదాపు 1.75. మీ చిత్రాల్లో ఎక్కడైనా అలాంటి కొమ్మల ఆకారం ఉంటే బొట్టు ఆరే పద్ధతిని తిట్టుకోకండి. కణాలు సీసాలో ఉండగానే పాడయ్యాయి.

దానికి కంటితో చేసే పరీక్ష ఉంది, 1857 నాటిది. ఫారడే బంగారపు ఎర్రటి ద్రావణంలో ఉప్పు వేస్తే అది నీలంగా మారడం గమనించాడు. విడివిడి బంగారు కణాలు 520 నానోమీటర్ల చుట్టుపక్కల కాంతిని శోషిస్తాయి. దగ్గరకు చేరితే ఎలక్ట్రాన్ల డోలనాలు ఒకదానితో ఒకటి కలిసి ఆ శోషణ పొడవైన తరంగదైర్ఘ్యాల వైపు జరుగుతుంది. మీ సీసాను నెల తర్వాత చూసినా ఎరుపే అయితే, వర్ణపటంలో పొడవైన తరంగదైర్ఘ్యాల వైపు తోక లేకపోతే, ఆ భాగం సరే. ఊదా ఛాయ కనిపిస్తే ఆ సీసాతో గ్రిడ్లు వృథా చేయకండి.

ఇప్పుడు ఓపిక హద్దు. ఆకర్షణ లేని గోళాల విషయంలో పరిమాణాల విచలనం దాదాపు 12 శాతం దాటితే స్ఫటికం ఏర్పడదని ప్యూసీ అప్పట్లోనే చూపాడు. అది గొలుసులతో కలిపి ఉన్న మొత్తం గోళానికి. లోహ గర్భం వరకే కొలిస్తే, మెత్తటి పూత కొంత తేడాను మింగేస్తుంది కాబట్టి కాస్త వెసులుబాటు ఉందని వాదించవచ్చు. ఆచరణలో నేను 10 శాతాన్ని చూసి సంతోషించను. దూరం వరకు సాగే వరుసలు కావాలంటే 5 శాతం దగ్గరకు తీసుకురండి. అయితే ఆ సంఖ్యను ఎలా తెచ్చారన్నది ముఖ్యం. చిత్రంలో అందంగా ఉన్న ఒక మూలను ఎంచుకుని యాభై కణాలు కొలిస్తే ఎవరికైనా 5 శాతం వస్తుంది. వేర్వేరు చోట్ల నుంచి కనీసం కొన్ని వందల కణాలు కొలవండి. క్రమంగా ఉన్న చోటు నుంచి మాత్రమే కొలిస్తే మరో మోసం ఉంది: ఆరేటప్పుడు ఒకే పరిమాణంలో ఉన్నవి ఒకచోట చేరి మిగతావాటిని బయటికి నెట్టేస్తాయి. ఆ మూల మీ సీసాకు ప్రతినిధి కాదు.

విచలనం ఎక్కువగా ఉంటే చేయగలిగేవి రెండున్నాయి. ఒకటి, టోలుయీన్‌లోకి ఇథనాల్‌ను కొద్దికొద్దిగా కలపడం. ద్రావణి నాణ్యత తగ్గినకొద్దీ ముందుగా పెద్ద కణాలు పడిపోతాయి, ఎందుకంటే వాటి మధ్య ఆకర్షణే ఎక్కువ. ద్రావణం కాస్త మసకబారగానే ఆపి, సెంట్రిఫ్యూజ్ చేసి, అడుగున పడినదాన్నీ పైన మిగిలినదాన్నీ వేరు చేయండి, మళ్లీ కొనసాగించండి. రెండోది, అధిక థయోల్‌తో టోలుయీన్‌ను మరిగే స్థితిలో ఉంచి కణాలను గంటల తరబడి పాకం పట్టడం. క్లాబుండె, సోరెన్సెన్ బృందం 2000 ప్రాంతంలో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిలో పెద్దవి తరుగుతూ చిన్నవి పెరుగుతూ ఒక పరిమాణం వైపు చేరతాయి. మామూలుగా పెద్దవి చిన్నవాటిని తిని పెరుగుతాయని చదువుకున్నవారికి ఇది వింతగా తోస్తుంది. థయోల్ బంగారపు ఉపరితలం నుంచి పరమాణువులను లాక్కోవడం వల్ల లెక్క తిరగబడుతుంది. థయోల్ వాసనను మాత్రం ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లను బయటికి లాగే ప్రయోగశాల గూడు) లోపలే ఉంచండి, లేకపోతే ప్రయోగం సంగతి భవనమంతటికీ తెలుస్తుంది.

కడగడం గురించి చాలా పద్ధతుల్లో ఒక్క వాక్యమే ఉంటుంది, నిజానికి సగం వైఫల్యాలు ఇక్కడే పుడతాయి. తక్కువ కడిగితే మిగిలిపోయిన లవణాలు, తయారీలో వాడిన చతుర్థక అమ్మోనియం సమ్మేళనాలు ఆరాక గ్రిడ్ మీద మరకలా పరుచుకుని కణాలను కప్పేస్తాయి. ఎక్కువ కడిగితే ఉపరితలం మీది థయోల్ కూడా కొంత పోయి పూతలో బట్టతలలు ఏర్పడతాయి. రెండు బట్టతలలు ఎదురుపడితే అతుకు శాశ్వతం. రెండు మూడు సార్లు కడిగి, ప్రతిసారీ మళ్లీ టోలుయీన్‌లో పూర్తిగా కరుగుతుందో లేదో చూడండి. గోడకు నల్లటి పొర అంటుకుంటే ఇక చాలని అర్థం.

మీరు రాసిన గాఢత, మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము, నాకు వెంటనే కంట్లో పడింది. లెక్క చూడండి. మూడు మిల్లీమీటర్ల గ్రిడ్ వైశాల్యం సుమారు 7 చదరపు మిల్లీమీటర్లు. 8 నానోమీటర్ల గోళాలు షట్కోణంగా ఒక పొర కప్పడానికి సుమారు 13 వేల కోట్ల కణాలు కావాలి. వాటి బంగారమంతా కలిపితే 0.3 మైక్రోగ్రాములు. అయిదు మైక్రోలీటర్ల బొట్టుకు మీరు అయిదు మైక్రోగ్రాములు వేస్తున్నారు, అంటే పదిహేను పొరలకు పైగా. ఒక పొర కావాలంటే పదిహేనో వంతుకు పలచన చేయండి. పలచన చేసేటప్పుడు ఒక జాగ్రత్త: పూతగా ఉన్న థయోల్‌కూ ద్రావణంలో స్వేచ్ఛగా ఉన్న థయోల్‌కూ మధ్య సమతౌల్యం ఉంటుంది, బాగా పలచనైతే పూత ఊడటం మొదలవుతుంది. పలచనవి నిల్వ పెట్టకండి, ఆ రోజే వాడేయండి.

అంచు వలయం మీ ఒక్కరి బాధ కాదు. ఒలికిన కాఫీ మరక అంచున ముదురుగా ఉండటానికి కారణాన్ని 1997లో డీగన్, సహచరులు వివరించారు. బొట్టు అంచు ఉపరితలాన్ని పట్టుకుని కదలకుండా ఉంటుంది, అక్కడ ఆవిరి వేగంగా పోతుంది, ఆ లోటు పూడ్చడానికి మధ్య నుంచి ద్రవం అంచుకు ప్రవహిస్తూ కణాలను తీసుకుపోతుంది. లోపలి దీవులది వేరే కథ. చివరి దశలో మిగిలిన పలచటి ద్రవపు పొర చిరిగిపోయి గుంతలు పడుతుంది, ఆ గుంతల అంచులు కణాలను ఊడ్చి గుట్టలు పోస్తాయి. ఈ రెండు సందర్భాల్లోనూ కణాలు తమంతట తాము ఎక్కడా నిలవలేదు, ద్రవం తోసిన చోట ఎండిపోయాయి. మీ కణాలు మంచివే అయినా ఆ చిత్రం చూసి వాటి గురించి ఏమీ చెప్పలేం.

దీనికి సాధారణంగా ఇచ్చే సలహా మెల్లగా ఆరబెట్టమని. గ్రిడ్‌ను మూత ఉన్న చిన్న గాజు పాత్రలో, పక్కన కాస్త టోలుయీన్ ఉంచి ఆరనివ్వండి. గ్రిడ్ మీద బొట్టుకు హెక్సేన్ వాడుతుంటే మానండి, 69 డిగ్రీలకే మరిగే ద్రవం కణాలకు సమయం ఇవ్వదు. ఆక్టేన్ మరుగుస్థానం 126 డిగ్రీలు, అది మేలు. ఇంతవరకు సరే. కానీ మెల్లదనమే రహస్యం అనుకుంటే 2006లో బిజియోనీ, యేగర్ తదితరులు చేసిన ప్రయోగం అర్థం కాదు, నాకు ఈ రంగంలో అత్యంత ఇష్టమైనది అదే. వాళ్లు మీలాంటి కణాలనే, డోడెకేన్‌థయోల్ పూత ఉన్న సుమారు 6 నానోమీటర్ల బంగారాన్నే టోలుయీన్‌లో తీసుకుని, కొంచెం అదనపు థయోల్ కలిపి, బొట్టును వేగంగా ఆరనిచ్చారు. వచ్చినది చెక్కుచెదరని ఒకే పొర.

అదెలా? ద్రవం ఆవిరవుతుంటే దాని పైఉపరితలం కిందికి దిగుతూ ఉంటుంది. తగినంత వేగంగా దిగితే, కణాలు పక్కకు తప్పుకోకముందే ఆ ఉపరితలం వాటిని అందుకుంటుంది. అదనపు థయోల్ ఉంటే అవి అక్కడ నిలుస్తాయి. గాలికీ ద్రవానికీ మధ్య తేలుతున్న ఆ కణాలు కిందికి పోలేవు, కానీ పక్కలకు హాయిగా తిరగగలవు. అక్కడ దీవులు మొలిచి, కొత్త కణాలను అంచున చేర్చుకుంటూ, ద్విమితీయ స్ఫటికంగా పెరుగుతాయి. చివరకు ద్రవం పోయాక ఆ పొర యథాతథంగా కిందికి దిగి కూర్చుంటుంది. అంటే ఆవిరి వేగం ఎక్కువున్నా, కణం చేరిన చోట దానికి సర్దుకునే స్వేచ్ఛ మిగిలే ఉంది. అసలు సంగతి అదే. అదనపు థయోల్ మరో మేలు కూడా చేస్తుంది. దాని మరుగుస్థానం 250 డిగ్రీల సెల్సియస్‌కు పైనే కాబట్టి టోలుయీన్ పోయాక కూడా పలచటి తడిగా మిగిలి, పొర చిరగడాన్ని వాయిదా వేస్తుంది. కడిగేటప్పుడు ద్రావణంలోని మిగులు థయోల్‌ను తీసేసి, తర్వాత కొలిచి కలపడం హాస్యాస్పదంగా అనిపించవచ్చు. కానీ ఎంత ఉందో తెలియని థయోల్ వేరు, ఎంత వేశామో తెలిసిన థయోల్ వేరు.

గ్రిడ్ మీద బొట్టుతో కుస్తీ పట్టడం ఇష్టం లేకపోతే అసలు ఘన ఉపరితలాన్నే తప్పించండి. చిన్న టెఫ్లాన్ గుంటలో డైఇథిలీన్ గ్లైకాల్ పోసి, దాని మీద హెక్సేన్ లేదా టోలుయీన్‌లోని కణాలను ఒక బొట్టు వేసి, గాజు పలకతో మూయండి. ద్రావణి పోయాక గ్లైకాల్ మీద తేలే పొర మిగులుతుంది, దాన్ని గ్రిడ్‌తో ఎత్తుకోవచ్చు. 2010లో ముర్రే బృందం ఈ పద్ధతితోనే రెండు రకాల కణాల జాలకాలను పెద్ద పొరలుగా తయారుచేసింది. ద్రవం మీద అంచు పట్టుకునే సమస్య దాదాపు ఉండదు, అందుకే కొత్తవారికి నేను మొదట ఇదే చెబుతాను. త్రిమితీయ స్ఫటికాలు కావాలంటే సన్నని గాజు గొట్టంలో కింద టోలుయీన్ ద్రావణం, పైన జాగ్రత్తగా మిథనాల్ లేదా ఇథనాల్ పోసి, కదపకుండా రోజుల తరబడి వదిలేయాలి. ఇథనాల్ మెల్లగా కిందికి చొచ్చుతున్నకొద్దీ ఆకర్షణ కొద్దికొద్దిగా పెరుగుతుంది, మొదటి మొలకలు పుట్టే హద్దు దగ్గర చాలాసేపు ఆగుతుంది. అడుగున ముఖాలు తీరిన గింజలు కనిపిస్తాయి.

ఉష్ణోగ్రతతో ఇదే పని అత్యంత శుభ్రంగా చేసేది డీఎన్ఏ పూత. 1996లో మిర్కిన్, అలివిసాటోస్ బృందాలు బంగారు కణాలకు డీఎన్ఏ పోగులు అంటించాయి. ఆ పోగులు జత కడితే కణాలు దగ్గరకు వస్తాయి, వేడి చేస్తే విడిపోతాయి. చాలాకాలం వచ్చినవి ముద్దలే. 2008లో రెండు వేర్వేరు బృందాలు వాటిని నిజమైన స్ఫటికాలుగా మార్చగలిగాయి. అందులో కీలకం, జతలు కరిగే ఉష్ణోగ్రతకు కాస్త దిగువన వాటిని నిలిపి, జతలు విడిపోతూ మళ్లీ కట్టుకుంటూ ఉండేలా చేయడం. 2014లో మిర్కిన్ బృందం రోజుల తరబడి చల్లార్చి, పన్నెండు సమచతుర్భుజ ముఖాలున్న సూక్ష్మ స్ఫటికాలను తీసింది. ఆకర్షణను అవసరమైనప్పుడు తగ్గించగల మీట చేతిలో ఉంటే ఏం సాధ్యమో దానితో తెలుస్తుంది. మీ థయోల్ పూతకు అలాంటి మీట లేదు, ద్రావణి నాణ్యతే మీ మీట.

ఏ జాలకం వస్తుందన్న ప్రశ్నకు క్లుప్తంగా చెబుతాను. పూత పొట్టిగా, గర్భం పెద్దగా ఉంటే కణం గట్టి గోళంలా ప్రవర్తించి ముఖకేంద్రిత ఘనంగానో షట్కోణ సన్నిహిత అమరికగానో (రెండూ గోళాలను అత్యంత దట్టంగా పేర్చే తీరులే) వస్తుంది. ఈ రెండింటి మధ్య శక్తి భేదం అత్యల్పం, అందుకే పొరల వరుసలో తప్పులు మామూలే. గర్భంతో పోలిస్తే పూత పొడవైనకొద్దీ దేహకేంద్రిత ఘనం వైపు మొగ్గుతుంది. గోళాలు కాకుండా ముఖాలున్న కణాలైతే ముఖానికి ముఖం ఆనుకుంటుంది. వెండి అష్టముఖులతో యాంగ్ బృందం 2012లో మింకోవ్‌స్కీ జాలకాన్ని చూపింది, అష్టముఖులకు తెలిసిన అత్యంత దట్టమైన అమరిక అదే. రెండు పరిమాణాలను కలిపితే వైవిధ్యం మరీ పెరుగుతుంది. 2006లో షెవ్‌చెంకో, తలాపిన్ తదితరులు పదిహేనుకు పైగా వేర్వేరు నిర్మాణాలను ప్రకటించారు. 2009లో అదే దారిలో పన్నెండు మడతల సౌష్ఠవం ఉన్న క్వాసీస్ఫటికం (క్రమం ఉన్నా ఒకే నమూనా పునరావృతం కానిది) కూడా వచ్చింది. ప్రకృతి ఇందులో మనకంటే ముందుంది: బ్రెజిల్ ఓపల్ రాళ్లలో రెండు పరిమాణాల సిలికా గోళాలు ఒక పెద్దదానికి పదమూడు చిన్నవి చొప్పున అమరి ఉండటాన్ని శాండర్స్ 1980లో వివరించాడు. ఆకర్షణ లేకపోయినా ఆ అమరిక నిలుస్తుందని 1993లో ఫ్రెంకెల్, సహచరుల లెక్కలు తేల్చాయి.

మంచి పొర వచ్చిందనిపించాక తొందరపడి కొత్త నిర్మాణం కనుగొన్నానని ప్రకటించకండి. రెండు షట్కోణ పొరలు ఒకదాని మీద ఒకటి కాస్త కోణం తిరిగి కూర్చుంటే అందమైన వలయాల నమూనా కనిపిస్తుంది. అది రెండు నీడల కలయిక మాత్రమే. గ్రిడ్‌ను వంచి చూస్తే నమూనా మారిపోతుంది. అలాగే చిత్రానికి ఫూరియే రూపాంతరం (చిత్రంలో పునరావృతమయ్యే వరుసలను చుక్కలుగా చూపే గణితం) తీసి ఆరు చుక్కలు చూపడం ఎంత చిన్న ముక్కకైనా సాధ్యమే. ఆ ఆరు చుక్కలు అదే దిశలో ఎంత దూరం నిలుస్తాయో చూడండి. మొత్తం నమూనా గురించి మాట్లాడాలంటే చిన్న కోణాల ఎక్స్‌రే పరిక్షేపణం ఉండాలి. సూక్ష్మదర్శిని మనం చూపిన చోటే చూస్తుంది, ఎక్స్‌రే పుంజం కింద కోట్ల కణాల సగటు వస్తుంది. ప్రచురిత పత్రాల్లో మీరు చూసి నిరుత్సాహపడిన చిత్రాలు కూడా ఆ గ్రిడ్‌లో అత్యుత్తమ మూల నుంచి తీసినవే, మిగతా గ్రిడ్ ఎలా ఉందో రచయితలకే ఎరుక.

ఇంత శ్రమ దేనికని మీరు అడగలేదు కానీ రెండు ఫలితాలు చెప్పాలనిపిస్తోంది. 1997లో హీత్ బృందం నీటి మీద తేలే వెండి కణాల ఒంటి పొరను పక్కల నుంచి నొక్కుతూ పోయింది. లోహాల మధ్య ఖాళీ అర నానోమీటరు దగ్గరకు రాగానే పొర ఒక్కసారిగా లోహపు మెరుపు తేలింది, వదిలితే మళ్లీ పాత స్థితికి వచ్చింది. కణాలు అవే, మారింది దూరం ఒక్కటే. పదేళ్ల తర్వాత యేగర్ బృందం ఒకే కణమంత మందం ఉన్న బంగారు కణాల పొరను సూక్ష్మ రంధ్రాల మీద ఆధారం లేకుండా నిలబెట్టి, దాని యంగ్ గుణకం (సాగదీతకు ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే కొలత) కొన్ని గిగాపాస్కళ్లు ఉందని కొలిచింది. చొచ్చుకున్న నూనె గొలుసుల బలం అది.

మీరు ఇప్పుడు చేయవలసినవి ఈ వరుసలో చేయండి, అన్నీ ఒకేసారి మార్చకండి. ముందు వర్ణపటం తీసి సీసాలోని కణాలు విడివిడిగా ఉన్నాయని రూఢి చేసుకోండి. తర్వాత గాఢతను పదిహేనో వంతుకు తగ్గించి, మరేమీ మార్చకుండా పాత పద్ధతిలోనే ఒక గ్రిడ్ చూడండి. వలయం ఉంటుంది, కానీ దీవుల లోపల కణాలు వరుసలో ఉన్నాయా లేదా అన్నది తెలుస్తుంది. దీవి చిన్నదైనా లోపల షట్కోణం చక్కగా ఉంటే కణాలది తప్పు కాదు, ఆరే పద్ధతిది. అప్పుడు గ్లైకాల్ గుంటకు వెళ్లండి, లేదా కొలిచిన థయోల్ కలపండి. దీవి లోపలే గందరగోళం ఉంటే ఇథనాల్‌తో పరిమాణాలు వేరు చేసే పనికి తిరిగి వెళ్లండి, ఆరబెట్టే తంటాలు అప్పుడే వద్దు. మళ్లీ రాసేటప్పుడు ఎక్కువ వర్ధనంలో తీసిన ఒక్క చిత్రం కాకుండా, గ్రిడ్‌లోని ఒక గడి మొత్తం కనిపించే తక్కువ వర్ధనపు చిత్రం, కణాల వ్యాసాల పట్టిక జతచేయండి. మిగతాది వాటిని బట్టి చెబుతాను.